పదో సెకను

పాడు చీట్లు తీసే రోజు మా నాయన పేరు మూడుసార్లు పిలుస్తారు. మూడో పిలుపుకీ ఆయన పలక్కపోతే జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. మా ఊళ్లో అంతకు మించిన శిక్ష లేదు.

పులికాట్ సరస్సు ఒడ్డున ఇసకదిబ్బ మీది ఊరు మాది. వానలు పడి, ముఖద్వారం తెరుచుకుని, సముద్రం నుంచి రొయ్య లోపలికొచ్చే మూడు నెలలే మాకు ఏడాదంతా. వల కట్టడానికి పనికొచ్చే చోట్లు పన్నెండు. ఎవరి వంతుకి ఏ చోటు వస్తుందో ఏటా చీట్లు తీసి తేలుస్తారు. ఆ వంతునే పాడు అంటాం. జాబితాలో పేరున్న ఇంటికే చీటీ. పేరున్నవాడు జబ్బుపడితే అతని వల ఇంకొకరు కట్టొచ్చు, తప్పు లేదు. పిలుపుకి మాత్రం అతనే వచ్చి కూర్చోవాలి, అతనే పలకాలి. మా తాత కాలంలో ఒకడు చచ్చిపోయిన అన్న పేరుకి తనే పలికి మూడేళ్లు వల కట్టుకున్నాడట. అప్పటి నుంచి ఈ కట్టుబాటు.

ఆ ఏడు జూన్‌లో మా నాయన నరసయ్యకి పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. తెలివికి, చెవులకి ఏమీ కాలేదని, నాలుక మాత్రం తిరగడం లేదని నెల్లూరు డాక్టరు చెప్పాడు. ఎప్పటికి తిరుగుతుందని మా అమ్మ మస్తానమ్మ అడిగితే ఆయన కాగితాలు సర్దుకున్నాడు.

అప్పటికి నేను ముత్తుకూరులో ఒక లారీల యార్డులో గేటు పాసులు కొట్టే పనిలో ఉన్నాను. సెలవు పెట్టి వచ్చాను. ఇంటికి నేనొక్కదాన్నే. ఆడపిల్ల పేరు జాబితాలో ఎక్కదు. వినాయక చవితి దాటాక వచ్చే మూడో ఆదివారం చీట్లు. పదకొండు వారాలు ఉంది.

*

ముత్తుకూరు హాస్టల్లో సిగ్నల్ ఒక్క గీతకు మించి వచ్చేది కాదు. వీడియోలు తిరగవు, బొమ్మల ఆటలు తెరుచుకోవు. అక్షరాలు మాత్రం వస్తాయి. అలా అలవాటైంది నాకు సప్తతీరం. ఒక్క బొమ్మ కూడా లేని ఆట అది. ‘పడమటి గాలి పెరిగింది. తెరచాప బిగుసుకుంది’ అని తెర మీద ఒక వాక్యం వస్తుంది. మనం ‘తెరచాప దించు’ అని కొట్టాలి. ఓడలు, రేవులు, దొంగలు, తుఫాన్లు అన్నీ వాక్యాలే. ఎక్కడెక్కడి వాళ్లో వందల మంది ఒకేసారి ఆడతారు.

కొట్టీ కొట్టీ వేళ్లు నొప్పి పుట్టాక స్క్రిప్టులు రాయడం మొదలుపెట్టాను. ముందు పొట్టి పేర్లు. ఒక్క అక్షరం కొడితే ‘దక్షిణానికి పో’ అని మొత్తం వెళుతుంది. తర్వాత ట్రిగ్గర్లు. ఫలానా వాక్యం వస్తే ఫలానా పని దానంతటదే జరిగిపోతుంది. నాకు ఎవరూ నేర్పలేదు. రాయడం, అది చెడిపోవడం, ఎందుకు చెడిందో కూర్చుని వెతకడం, అదే చదువు. ఒకసారి, ఎవరైనా ‘నమస్తే’ అంటే తిరిగి ‘నమస్తే’ అనమని రాసి పెట్టాను. గూడూరు నుంచి ఆడే ఒకాయన కూడా అదే రాసుకున్నాడు. ఇద్దరి ఓడలూ ఒక రేవులో ఎదురుపడ్డాయి. నేను టీ తాగి వచ్చేసరికి తెర నిండా నాలుగు వందల నమస్తేలు.

సున్నా కీ ఆ రోజే పెట్టుకున్నాను. సున్నా నొక్కితే దానంతటది జరిగేదంతా ఆగిపోతుంది. మనిషి నొక్కే కీలు మాత్రం పనిచేస్తాయి. తొందరలో దానికి శబ్దం పెట్టడం మరిచాను. నొక్కినా ఏమీ వినపడదు.

ఆటలో గట్టి నియమం ఒక్కటే. ఎన్ని స్క్రిప్టులైనా రాసుకో, ఓడలో మనిషి ఉండాలి. కాపలావాళ్లు చెప్పకుండా వచ్చి పక్కన నిలబడి ఏదో ఒకటి అడుగుతారు. సరైన జవాబు రాకపోతే ఓడ కట్టేస్తారు.

ఇంటికొచ్చిన రెండో వారం నాయన మంచం పక్కన లాప్‌టాప్ పెట్టుకుని ఆడుతున్నాను. ఆయనకి పొద్దు గడుస్తుందని వాక్యాలన్నీ పైకి చదివేలా స్పీకరు పెట్టాను. గాలి మారిందని వాక్యం వచ్చింది. నేను ఓడని తూర్పుకి తిప్పాను. మంచం పట్టె మీద దబ్బుమని చప్పుడైంది. నాయన ఎడమ చెయ్యి. ఆయన కళ్లు నా మీద కాదు, స్పీకరు మీద ఉన్నాయి. వేలు దక్షిణం వైపు చూపించింది. తిప్పాను. మా వెనక వస్తున్న మూడు ఓడలు ఇసక మేటకి తగులుకున్నాయని తర్వాతి వాక్యం చెప్పింది.

మర్నాడే సూళ్లూరుపేట పోయి అంకెల కీప్యాడ్ ఒకటి కొనుక్కొచ్చాను. అరచేతిలో పట్టేంతది. ఎనిమిది ఉత్తరం, రెండు దక్షిణం, ఆరు తూర్పు, నాలుగు పడమర. మూలన ఉన్న అంకెలకి మూలల దిక్కులు. చుక్క నొక్కి అంకె నొక్కితే లోతు, ఇన్ని బారలని. నొక్కినదల్లా స్పీకరు పైకి పలుకుతుంది. కాపలావాళ్లు వస్తే ఉన్నానని చెప్పడానికి మధ్యనున్న ఐదుకి ‘ఉండా’ అని పెట్టాను. ఏదైనా తేడా చేస్తే సున్నా నొక్కమని మొదటి రోజే ఆయనకి చెప్పాను.

పది రోజుల్లో నాయన ఓడ ఏ తుఫానులోనూ చిక్కనిదని ఆటలో పేరుపడింది. ఓడ పేరు మస్తానమ్మ. అది తెలిసిన రోజు మా అమ్మ గంజి గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది.

“నా పేరు పెట్టి దొంగల మధ్యకి తోలతా ఉండావా? ఉండు, నీ గంజిలో ఉప్పు సంగతి చూస్తా.”

నాయన సగం మొహంతో నవ్వాడు. జూన్ తర్వాత అదే మొదటి నవ్వు. నవ్వుతూనే ఐదు నొక్కాడు.

“ఉండా,” అంది స్పీకరు.

అమ్మ నవ్వలేదు. గిన్నె కింద పెట్టి, నెమ్మదిగా నా వైపు తిరిగింది.

“పాపా, పిలుపుకి చెప్పాల్సింది కూడా ఆ మాటే గదా.”

*

చీట్లు తీయించే ఊరిపెద్ద, పెద్దకాపు చెంచురామయ్య దగ్గరికి అమ్మా నేనూ పోయాము. డెబ్బై దాటిన మనిషి, నీళ్ల మీదికి పోయి నాలుగేళ్లయింది. అంతా విని, చుట్ట ఆర్పి, ఊళ్లో నలుగురితో మాట్లాడి చెప్తానన్నాడు. రెండు రోజుల తర్వాత మా గుమ్మంలోకి వచ్చి, లోపలికి రాకుండానే చెప్పాడు.

“వాడి వేలు నొక్కితే వాడు పలికినట్టే. ఇంకొకరి వేలైనా, వేలే లేకుండా ఆ పెట్టె పలికినా, పేరు పోతుంది. ముందే చెప్తా ఉండా.”

జాబితాలో ఒక పేరు పోతే ఆ చోటుకి ఎదురుచూసేవాడు ఎప్పుడూ ఉంటాడు. అప్పుడు ఉన్నవాడు గిరిబాబు. నాయనకి పినతండ్రి కొడుకు, నాకు చిన్నాయన. ఇద్దరు పిల్లలు. తొమ్మిదేళ్లుగా ఇతరుల వలల్లో కూలికి పోతున్నాడు. ఆయన చెడ్డవాడైతే నాకు ఆ రోజులు తేలిగ్గా గడిచేవి.

ఆగస్టు మొదటి వారంలో నేను తప్పు చేశాను.

మధ్యాహ్నం అన్నం తిన్నాక నాయన రెండు గంటలు పడుకుంటాడు. ఆ సమయంలో ఓడ రేవులో ఆగి ఉండాలి. కానీ ఆ వారం ఆటలో పెద్ద సరుకుల పందెం నడుస్తోంది. నాయన ఓడ రెండో స్థానంలో ఉంది. ఆయన నిద్రపోయినా ఓడ నడిచేలా నేను ట్రిగ్గర్లు రాశాను. కాపలావాళ్లు వచ్చి ‘ఉన్నారా’ అంటే పది సెకన్లు ఆగి ‘ఉండా’ అనమని కూడా రాశాను. వెంటనే అంటే అనుమానం వస్తుందని ఆ పది సెకన్లు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

వెన్నెల అనే పేరుతో తిరిగే కాపలా మనిషి మూడు రోజులు వరుసగా మధ్యాహ్నం వచ్చింది. మూడో రోజు తెర మీద వాక్యం పడింది.

‘మూడుసార్లూ జవాబు సరిగ్గా పదో సెకనుకే వచ్చింది. మనిషైతే ఒకసారి నాలుగుకి, ఒకసారి ఇరవైకి పలుకుతాడు. ఈ ఓడలో మనిషి లేడు.’

ఓడ కట్టేశారు. నేను ఉన్నదంతా రాసి పంపాను. జబ్బు మనిషని, నిజంగా ఆయనే ఆడతాడని, తప్పు నాదని. జవాబు సాయంత్రానికి వచ్చింది. ఆయన ఎంత ఆలస్యంగా పలికినా ఫర్వాలేదు, ఆయనే పలకాలి. రెండు వారాల తర్వాత ఓడ వదులుతాము. ఇకపై ఏ కీ ఎప్పుడు నొక్కారో సెకన్లతో సహా చిట్టా ఉంచాలి, అడిగితే చూపించాలి.

నాయనకి చెప్పక తప్పలేదు. ఆయన పూర్తిగా విన్నాడు. తర్వాత కీప్యాడ్ దగ్గరికి లాక్కుని సున్నా నొక్కాడు. ఏమీ వినపడలేదు. మళ్లీ నొక్కాడు. మళ్లీ. నా మొహంలోకి చూస్తూ ఏడెనిమిదిసార్లు నొక్కి, కీప్యాడ్‌ని తోసేసి గోడ వైపు తిరిగాడు.

మూడు రోజులు దాన్ని ముట్టుకోలేదు. చీట్లకి ఆరు వారాలుంది. నాలుగో రోజు ఆయన మంచం పక్కన నేల మీద కూర్చుని, ఇంకెప్పుడూ ఆయన బదులు నేను పలకనని మాటిచ్చాను. చాలాసేపటికి ఆ ఎడమ చెయ్యి కిందికి వచ్చి కీప్యాడ్ కోసం తడుముకుంది.

*

పడమటి గాలి ఆ ఏడు ఆగకుండా వీచింది. ఇంట్లో ఏ గిన్నె మూత తీసినా ఇసక. సెప్టెంబరు నడిమధ్యలో ఒక పొద్దున గిరిబాబు చిన్నాయన మూడు కొబ్బరిబోండాలు పట్టుకుని నాయనని చూడడానికి వచ్చాడు.

మంచం ఎదురుగా పీట మీద కూర్చుని, “అన్నా, ఎట్టుండావు?” అన్నాడు.

నాయన చెయ్యి కీప్యాడ్ మీదే ఉంది. వేలు ఐదు మీద ఉంది. నొక్కడం ఒక్కటే తరువాయి. వేలు కదల్లేదు. మణికట్టు వణికింది. మెడ నరాలు బిగిశాయి. చిన్నాయన చూపు తిప్పుకోకుండా ఓపిగ్గా చూస్తున్నాడు. ఎంత చూస్తే అంతగా బిగుసుకుపోయింది ఆ చెయ్యి. నేను మనసులో లెక్కపెట్టాను. డెబ్బై వరకూ వచ్చాక చిన్నాయన లేచాడు. గుమ్మం దగ్గర నాతో మెల్లిగా అన్నాడు.

“తొమ్మిదేళ్లు కాచుకోని ఉండా పాపా. ఆ రోజు గూడా ఇట్టా అయితే, నేను లేచి అడుగుతా. నన్ను తప్పుబట్టొద్దు.”

మనిషి ఇంకా వీధి మలుపు తిరగకముందే లోపల స్పీకరు పలికింది. “ఉండా.”

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

పిలుపుకీ పిలుపుకీ మధ్య ఎంత వ్యవధి ఇస్తారని నేను అడిగి తెలుసుకున్నాను. ఒక బీడీ వెలిగించుకునేంత అన్నారు. ఇరవై సెకన్లు. మూడు పిలుపులకీ కలిపి ఒక నిమిషం. ఊరంతా చూస్తుండగా.

ఆ వారం నేను మళ్లీ ఆరు లైన్లు రాశాను.

ఫోను తన చెవిన పడిన మాటల్ని అక్షరాలుగా మారుస్తుంది. అక్షరాలుగా మారి లాప్‌టాప్‌కి చేరాక అది నాకు ఆటలో వచ్చే వాక్యం లాంటిదే. ఆ వాక్యంలో ‘నరసయ్య’ అని ఉంటే పది సెకన్లు ఆగు. ఈలోపు ఆయన ఏ కీ అయినా నొక్కితే ఊరుకో. నొక్కకపోతే ‘ఉండా’ అను. అంతే. ఆయన పలికితే ఈ ఆరు లైన్ల సంగతి ఎవరికీ తెలియదు. పలక్కపోతే ఇల్లు నిలుస్తుంది. ఇచ్చిన మాట గుర్తుంది. గుర్తుండే రాశాను.

అమ్మ నీళ్లకి పోయిన మధ్యాహ్నం చూసి పరీక్ష చేశాను. నాయన మంచం మీద కళ్లు మూసుకుని ఉన్నాడు. వసారాలో కూర్చుని, ఫోను నోటి దగ్గర పెట్టుకుని “నరసయ్యా” అన్నాను, ఊపిరంత గొంతుతో. ఒకటి నుంచి లెక్కపెట్టాను. పదో సెకనుకి స్పీకరు పలికింది. సన్నగా, తప్పు లేకుండా. గబుక్కున శబ్దం తగ్గించి లోపలికి తొంగి చూశాను. ఆయన కళ్లు మూసుకునే ఉన్నాయి.

*

చీట్లు తుఫాను షెల్టరు వసారాలో తీస్తారు. పన్నెండు మంది వరసగా చాప మీద కూర్చుంటారు. మా నాయనని కుర్చీలో మోసుకొచ్చి వరస చివర పెట్టారు. ఒళ్లో చెక్క, దాని మీద కీప్యాడ్. పక్కన స్టూలు మీద లాప్‌టాప్, స్పీకరు, నా ఫోను. ఆ వెనక నేను. ఆడవాళ్లంతా మెట్ల కింద. అమ్మ అందరికన్నా వెనక, ఎవరికీ కనపడకుండా.

చెంచురామయ్య జాబితా తెరిచాడు. పిలుస్తున్నాడు, పలుకుతున్నారు. ఒకరు, ఇద్దరు, ఐదుగురు. నాయన ఎడమ చెయ్యి కీప్యాడ్ మీద కదులుతోంది, కీలు ఎక్కడెక్కడున్నాయో తడిమి చూసుకుంటున్నట్టు. పదో పేరు అయింది.

“నరసయ్యా.”

ఒకటి. రెండు. ఫోను తెర మీద ఆ పేరు అక్షరాలుగా పడింది. మూడు. నాయన మణికట్టు వణికింది. నాలుగు. వరసలో వాళ్లంతా ఇటు తిరిగారు. ఐదు. ఆరు.

“ఉండా,” అంది స్పీకరు.

వేలు కీ మీద నొక్కి ఉంది. నా కళ్లతో చూశాను. ఆయనే. ఇక ఆ ఆరు లైన్లు ఆపేద్దామని లాప్‌టాప్ మీదికి వంగాను.

“పెద్దయ్యా,” అని లేచాడు గిరిబాబు. గొంతు పెంచలేదు. “అన్న మీద నాకు అనుమానం లేదు. పెట్టె మీద ఉండాది. పిల్ల కంప్యూటర్లు తెలిసింది. అన్న పలికినాడో పెట్టె పలికిందో మాకెట్టా తెలస్తది?”

వసారాలో గుసగుసలు లేచాయి. చెంచురామయ్య నన్ను చూశాడు. వంగిన నా చెయ్యి ఇంకా కీల మీద ఉంది.

“పాపా, దాని మీద నుంచి చెయ్యి తియ్.”

తీశాను.

“పోయి ఆ పడవల దగ్గర నిలబడు. ఇటు తిరగొద్దు. వాణ్ణి నేను ఒక మాట అడగతా. నువ్వు నేర్పి పెట్టలేని మాట.”

మెట్లు దిగి ఇసకలో నడిచాను. నలభై అడుగులు వేశాక గాని నేనేం చేశానో నాకు పూర్తిగా తట్టలేదు. ఆరు లైన్లు ఇంకా మేలుకునే ఉన్నాయి. పెద్దకాపు ప్రశ్న అడుగుతాడు. పేరు పెట్టే అడుగుతాడు, ఊళ్లో అందరూ అలాగే మాట్లాడతారు. ఫోను పేరు వింటుంది. పది సెకన్లలోపు నాయన కీ నొక్కకపోతే, ఏ ప్రశ్న అడిగినా సరే, ఆ పెట్టె ‘ఉండా’ అంటుంది. వేలు లేకుండా. ఊరందరి ముందు. ఆ తర్వాత ఎవరూ ఇంకేమీ అడగక్కర్లేదు. మా నాయన పేరుని నేనే కొట్టేయించినదాన్నవుతాను.

వెనక్కి పరిగెత్తితే అదీ దొంగతనం ఒప్పుకున్నట్టే.

పడవ అంచు పట్టుకుని నీళ్ల వైపు చూస్తూ నిలబడ్డాను. పడమటి గాలి వసారా మీదుగా నా వీపుకి కొడుతోంది. ఒక్కో మాటనీ మోసుకొచ్చి నా చెవిలో పోస్తోంది.

“ఇప్పుడుండే గాలికి, ఇప్పుడుండే నీళ్లకి, ఈ రేవు నుంచి ముఖద్వారానికి పడవ తొయ్యాల. ముందు ఎటు తోస్తావు?” అన్నాడు చెంచురామయ్య. నాయన పేరు అనలేదు. అనడేమో. “చెప్పు, నరసయ్యా.”

ఒకటి.

నాయన నీళ్ల మీదికి పోయి మూడు నెలలు దాటింది. రెండు. ఆయన ఎప్పుడూ వెంటనే చెప్పే మనిషి కాదు. మూడు. మాట ఉన్న రోజుల్లో కూడా అంతే, నాలుగు, ముందు గాలి కేసి మొహం తిప్పి, కళ్లు చికిలించి, మనం అడిగింది మనమే మరిచిపోయాక చెప్పేవాడు. ఐదు. నొక్కు నాయనా. ఏదో ఒకటి నొక్కు. ఆరు. ఎవరో దగ్గారు. ఏడు. ఎనిమిది. పడవ అంచు మీద చెక్కపేడు నా అరచేతిలో దిగింది. తొమ్మిది.

పది.

గాలి.

పదకొండు. పన్నెండు. పెట్టె పలకలేదు. గాలి హోరులో ఫోను పేరు వినలేదేమో అనుకున్నాను. విని ఆలస్యంగా అంటుందేమో అనుకున్నాను. పదిహేను. ఇరవై.

“దక్షిణం,” అంది స్పీకరు.

కాసేపు ఆగింది. “లోతు ఒక బార.” మళ్లీ ఆగింది. “తూర్పు.”

వసారాలో చిన్న నవ్వు వినిపించింది. చెంచురామయ్యది. “తప్పు. దక్షిణం యాడ? రేవు దాటితే తూర్పుకి నేరుగా కాలవ ఉండాది. చిన్నపిల్లోడు గూడా చెప్తాడు.”

“దక్షిణం,” అంది స్పీకరు, ఈసారి ఆగకుండా. “దక్షిణం. దక్షిణం.”

“వాడి మొండితనం మాత్రం యాడికీ పోలే,” అన్నారెవరో. ఎవరూ నవ్వలేదు. పెద్దకాపు తప్పన్నాక తప్పే. ఒక్క దిక్కు మీద మా ఇల్లు ఆగి ఉంది.

“గిరీ,” అన్నాడు చెంచురామయ్య. “నేను దిగి నాలుగేండ్లాయె. నువ్వు రోజూ పోతా ఉండావు. నువ్వు చెప్పు. ఎటు?”

నేను తిరిగాను. తిరగొద్దన్న మాట అప్పుడు గుర్తు లేదు. వసారాలో అందరూ గిరిబాబునే చూస్తున్నారు. ఆయన మాత్రం మా నాయనని చూస్తున్నాడు. తూర్పు అని ఒక్క మాట అంటే చాలు. అక్కడ కూర్చున్న వాళ్లలో అది అబద్ధమని తెలిసినవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉండొచ్చు, పెద్దకాపు మాటకి ఎదురు నోరు తెరవరు.

తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు చిన్నాయన.

“దక్షిణమే పెద్దయ్యా. ఈ పడమటి గాలికి నేరు కాలవ మేటేసి వారమాయె. దక్షిణంగా చుట్టి, ఆడి నుంచి తూర్పు. లోతు గూడా బారే.”

చెప్పి, తన చోట తను కూర్చున్నాడు.

చెంచురామయ్య జాబితా మీదికి వంగి, అందరికీ పెట్టినట్టే మా నాయన పేరు పక్కనా గీత పెట్టి, పన్నెండో పేరు పిలిచాడు.

*

మాకు ఎనిమిదో పాడు వచ్చింది. వల మా మేనమామ గంగులయ్య చేత కట్టిద్దామని అమ్మ అనుకుంది. నాయన ఒప్పుకోలేదు. ఇంటికి మోసుకొస్తుంటే దారిలో గిరిబాబు వాళ్ల గుమ్మం ముందు కుర్చీ చెయ్యి మీద కొట్టి ఆపించాడు. చిన్నాయన బయటికి వచ్చాడు. నాయన ఆయన్ని చూపించి, తర్వాత నీళ్ల వైపు చూపించాడు. చిన్నాయనకి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక లోపలికి పోయి, భార్యని పిలిచి, చాలాసేపు బయటికి రాలేదు. ఆ మూడు నెలలూ ఎనిమిదో పాడులో మా వల ఆయనే కట్టాడు, సగం సగానికి. రోజూ పొద్దున్నే వచ్చి గాలి గురించి నాయనని అడిగి పోయేవాడు. నాయన చెయ్యి ఆయన ముందు మళ్లీ బిగుసుకోలేదు.

చీట్ల రోజు సాయంత్రం, ఇంకా వెలుగుండగానే, లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఆ ఆరు లైన్లు ఎందుకు పనిచేయలేదో చూడాలి. చెడిన స్క్రిప్టుని వదిలిపెట్టే అలవాటు నాకు లేదు. వెన్నెల పెట్టమన్న చిట్టా తెరిచాను.

ఫోను పేరు విన్నది. రెండుసార్లూ విన్నది. గాలి దాన్ని ఏమీ చేయలేదు. మొదటి పిలుపు 9:41:20కి. ఐదు నొక్కింది 9:41:26కి. ప్రశ్న చివర పేరు పడింది 9:48:02కి. రెండు నొక్కింది 9:48:25కి. ఇరవై మూడు సెకన్లు. పదో సెకనుకి పెట్టె పలికి ఉండాల్సింది.

చిట్టాలో కొంచెం పైకి పోయాను.

9:40:51. కీ: 0.

మొదటి పిలుపుకి అర నిమిషం ముందు. ఆయన కీలు తడిమి చూసుకుంటున్నాడని నేను అనుకున్న సమయంలో.

వెనక్కి తిరిగి చూశాను. నాయన మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు, కళ్లు మూసుకుని. పరీక్ష చేసిన మధ్యాహ్నం ఎలా పడుకున్నాడో అచ్చం అలాగే. చెవులకి ఏమీ కాలేదని డాక్టరు మొదటి రోజే చెప్పాడు.

ఆయన కళ్లు తెరవలేదు. ఆరు లైన్లూ కింది నుంచి పైకి ఒక్కొక్కటే చెరిపేశాను. ఆరోది చెరిపాక నిజంగానే నిద్రపోయాడేమోనని, చాలా మెల్లిగా పిలిచాను.

“నాయనా.”

పదో సెకను దాటిపోయింది. నేను లెక్క ఆపేశాను. వీధిలో ఎవరిదో సైకిలు పోయింది. అమ్మ పొయ్యి ముట్టించిన వాసన వచ్చింది. ఆ తర్వాత ఎప్పటికో, స్పీకరు పలికింది.

“ఉండా.”